సముద్రానికి వీపు పెట్టిన దాదమ్మ

దాదమ్మ పోయిందన్న కబురు తోటలో కొబ్బరికాయలు దింపిస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది హారిక. టెక్కలి పిల్ల. రష్యాలో డాక్టరు చదువు చదివి వచ్చి, ఇప్పుడు విశాఖలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది.

"అమ్మమ్మా, దాదమ్మ గారు పోయారంట. నిద్రలోనే వెళ్లిపోయారంట. ఏమీ కష్టపడలేదంట."

చెట్టు మీద మనిషి "దింపమంటారా, ఆపమంటారా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆమె అసలు పేరు మూడు ముక్కల పేరు. నాకు తెలుసు, తప్పు లేకుండా పలకగలను కూడా. కాని మా తీరంలో ఎవరికీ ఆ పేరు అక్కర్లేదు. ఆమె రష్యా నుంచి వచ్చిన సినిమా డైరెక్టరు. కొన్నేళ్ల కిందట ఒక కార్తీకమాసమంతా మా తోట ఇంట్లో ఉండి, మా పక్కనున్న జాలరిపేటలో సినిమా తీసి వెళ్లింది. ఆమెకూ మాకూ మధ్య మాటలు చేరవేసింది హారికే. సంతబొమ్మాళి నుంచి సముద్రం దాకా ఎవర్ని అడిగినా దాదమ్మ అంటేనే చెబుతారు.

హారిక ఇంకో మాట కూడా చెప్పింది. సినిమా ఎప్పుడో పూర్తయింది, చలిదేశాల్లో చాలా చోట్ల ఆడింది, కాని మనదాకా రాలేదు. ఆమె పోయాక ఆమె మనుషులు దాన్ని హారికకు పంపారు. "పేటలో అందరికీ చూపించమని ఆవిడ ముందే చెప్పి ఉంచారంట. ఆదివారం తెస్తాను. ఒడ్డు మీద సీను ఒకటుందంట అమ్మమ్మా, అది వచ్చినప్పుడు హాల్లో జనం లేచి నిలబడతారంట" అంది.

వేట నిషేధం రోజులు. మగవాళ్లంతా పేటలోనే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం తుఫాను షెల్టరులో తెర కట్టాలని కుర్రాళ్లు అప్పటికప్పుడే తేల్చేశారు. ఈ సంగతి తెలిసి ఊరంతా సంబరపడింది, ఒక్క చిన్నమ్మి తప్ప.

చిన్నమ్మి ఎర్రయ్య భార్య. ఎర్రయ్య ఆ సినిమాలో పడవ నడిపినవాడు. ఆ సాయంత్రం ఆమె ఎండుచేపల తట్ట గుమ్మం బయటే దించి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"అమ్మగోరూ, ఆ బొమ్మలో నాను గాజులు బద్దలు కొట్టీసుకున్నది ఉందేటి?"

"నాకెలా తెలుస్తుంది? నేనూ చూడలేదు."

"ఉంతే నా బతుకేటయిపోద్ది? మొగుడు బతికుండగానే గాజులు కొట్టీసుకున్నానని మా అత్తకి తెలిస్తే? ఆడికి తెలిస్తే? ఆడు ఇప్పటికీ తాడు లాగినప్పుడు పగిలిపోనాయనే అనుకుంతన్నాడు."

"వెయ్యనని నీకు మాట ఇచ్చింది కదా."

"ఇచ్చినాది. ఇచ్చినోలందరూ నిలబెట్టుకుంతన్నారేటి?"

"అయితే సినిమా ఆపమని చెప్పనా?"

"ఓలమ్మో, ఆపమంతే ఎందుకే అని అడుగుతారు. మా అత్త కక్కించీదాకా వదల్దు." తట్ట ఎత్తుకుని రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. "ఒడ్డు మీది సీనుకి జనం లేచి నిలబడతారంట గదా. అది నాదేనేటో అమ్మగోరూ."

ఆమె భయం అర్థం లేనిది కాదు. ఆ రోజు ఎర్రయ్య పడవ కెరటాల్లో కనిపించకుండా పోయినప్పుడు, పేటలో అందరూ సముద్రం వైపు చూస్తుండగా, చిన్నమ్మి రెండు చేతులూ ఒడ్డున పడి ఉన్న దుంగకేసి కొట్టుకుంది. చూసినవాళ్లం నేను, దాదమ్మ, కెమెరా పట్టుకున్న అతను. ఇంకెవరూ లేరు. చూసింది మాత్రం మేమే కాదు, కెమెరా కూడా చూసింది.

ఆదివారం దాకా నా మనసు దాదమ్మ చుట్టూనే తిరిగింది. ఆమె మాట నిలబెట్టుకునే మనిషేనా అన్నది తేల్చుకోవాలంటే, ఆమె ఎలాంటి మనిషో మొదటి నుంచీ గుర్తు చేసుకోవాలి కదా.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు తలా ఒక రకంగా చెబుతున్నారు. జరిగింది ఇది. మొదటి రోజు ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్లను తీస్తున్నారు. వాళ్ల పని వాళ్లు చేసుకోవాలి, కెమెరా వైపు చూడకూడదు. వాళ్లు చక్కగా చేస్తున్నారు. ఆమెకు నచ్చింది. "దా, దా, దా" అంది. రష్యా భాషలో దా అంటే అవును అని. ఆడవాళ్లంతా వలలు వదిలేసి, చీరలు దులుపుకుని లేచి ఆమె దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

హారిక పరుగెత్తుకుంటూ వచ్చి, "ఎందుకు లేచారు? కూర్చోండి, కూర్చోండి!" అంది.

"అయితే దా, దా అని పిలుత్తదేల?" అంది చిన్నమ్మి అత్త.

మళ్లీ కూర్చోబెట్టారు. మళ్లీ బాగా వచ్చింది. మళ్లీ ఆమె నోట "దా" వచ్చింది. మళ్లీ అందరూ లేచారు. మూడోసారికి ఆమెకే నవ్వాగక ఇసకలో కూలబడింది. చిన్నమ్మి అత్త నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇది దాదమ్మే! పిలుత్తాది, ఎల్తే కూకోమంతాది" అని తీర్పు చెప్పింది. ఆ పేరే ఖాయమైపోయింది. దాదమ్మకు కూడా అది నచ్చింది. తన గుండెల మీద వేలు పెట్టుకుని "దాదమ్మ" అని తానే చెప్పుకునేది.

పొట్టి మనిషి. నా వయసే, కొన్ని నెలలు అటూ ఇటూ. తల మగవాళ్లలా కత్తిరించుకునేది. ఎండైనా వానైనా ఒకటే చొక్కా, ముతక నేత, ముదురు నీలం. మా ఉప్పుగాలికి దాని వీపున చెమట ఆరి తెల్లటి గీత ఒకటి పడేది, ఎడమ భుజం నుంచి కిందికి వంకరగా. రోజూ సాయంత్రం నూతి దగ్గర తానే ఉతుక్కునేది, మర్నాడు పొద్దెక్కేసరికి ఆ గీత మళ్లీ పడేది. "ఇంకో చొక్కా లేదా?" అని అడిగితే, ఉన్నాయట. "రోజూ ఒకేలా కనిపిస్తే నన్ను చూడ్డం మానేస్తారు. అప్పుడు నేను వాళ్లను చూడొచ్చు" అందట.

చూడడమంటే ఆమెకు మనుషుల ముఖాలు చూడడమే. డైరెక్టర్లు కెమెరా పక్కన కూర్చుని ఆట చూస్తారని నేను అనుకునేదాన్ని. ఈమె కెమెరాకూ సముద్రానికీ వీపు పెట్టి, చూడ్డానికి వచ్చిన మా వైపు తిరిగి నిలబడేది. వెనకాల రష్యా నుంచి తెచ్చుకున్న పొడుగాటి నటి ఏడుస్తుంటుంది, పడవ వస్తుంటుంది, పోతుంటుంది. ఈమె ఒక్కసారి తిరిగి చూడదు. మా ముఖాలే చూస్తుంది. మేం మాటల్లో పడితే ఆ ముక్క మళ్లీ తీసేది. మేం మాటలు మరిచిపోతే "దా" అనేది. అప్పటికి పేటవాళ్లు అలవాటుపడి ఎక్కడివాళ్లక్కడే ఉండేవారు.

నా కోసం రోజూ ఒక కుర్చీ ఒడ్డుకు మోయించేది. నా మీద ప్రేమతో కాదు. నేను ఆవలించానంటే ఆ ముక్క పోయినట్టే. "నీ ముఖం తొందరగా తెరుచుకోదు. అందుకే నువ్వు కావాలి" అని హారిక చేత చెప్పించింది. నేను ఆవలించిన పూట నటి నా వైపు కోపంగా చూసేది.

ఇంట్లో మాకు మొదట్లో పడలేదు. గోడ మీద క్యాలెండరు వెలుగుకి మెరుస్తోందని తీసి మంచం మీద పడేసింది. నేను మళ్లీ అదే మేకుకు తగిలించాను. ఆమె తీసింది. నేను తగిలించాను. చివరికి హారికను మధ్యలో నిలబెట్టి తేల్చుకున్నాం.

"నా ఇంట్లో వస్తువు తీస్తే మళ్లీ ఉన్నచోట ఉన్నట్టే పెట్టాలని చెప్పు."

హారిక చెప్పింది. ఆమె చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటోంది?"

"సరే అంటున్నారు అమ్మమ్మా."

"అంతసేపు మాట్లాడింది కదా!"

"మిగతాది మీకు చెప్పక్కర్లేదంట."

మర్నాటి నుంచి ఏ వస్తువు కదిపినా ముందు ఫోనులో ఫొటో తీసుకునేది. పని అయ్యాక ఆ ఫొటో చూసుకుంటూ, చెంబు మూతి ఎటుంటే అటు తిప్పి పెట్టేది. అప్పటి నుంచి నాకు ఆమె అంటే గురి కుదిరింది. పాలు లేని టీ గ్లాసులో పోసుకుని, బెల్లం ముక్క పంటి కింద పెట్టుకుని, దాని మీదుగా టీ జుర్రుకునేది. వాళ్ల ఊళ్లో పంచదార గడ్డలతో అలాగే తాగుతారట. మా అరుగు మీద కూర్చుని ఆమె అలా జుర్రుతుంటే, కొబ్బరి పీచు పనికి వచ్చే ముసలమ్మలు "మన మనిసే" అనేవారు.

సినిమా కథ ఒకసారి చెప్పింది. ఓడలో వంట చేసే మనిషి సముద్రంలో పోతాడు. శవం దొరకదు. అతని లైఫ్ జాకెట్ మాత్రం ఎక్కడో పేరు తెలియని ఒడ్డుకు కొట్టుకొస్తుంది. భార్య ఆ ఒడ్డుకు వచ్చి, భాష రాని ఊళ్లో ఉండి, రోజూ పడవలు రావడం చూస్తుంటుంది. అంతే కథ.

"చివరికి వస్తాడా, రాడా?"

"రాడు" అందట. "కాని వేరేవాళ్ల మొగుళ్లు వస్తారు. ఈమె అది చూడ్డం నేర్చుకుంటుంది."

ఆమెకు వచ్చిన తెలుగు మాటలు కొన్నే. ఏటి, బాగు, బెల్లం, ఒద్దు. ఒద్దు అన్నది నౌపడ ఉప్పు మళ్ల దగ్గర నేర్చుకుంది. అక్కడ ఉప్పు తట్ట మోస్తున్న ఒక ఆడమనిషిని తీశారు. ఎవర్ని తీసినా ఆమె ఆ ముక్క వాళ్లకే చూపించి ఉంచనా అని అడిగేది. ఆ మనిషి చూసి, "ఒద్దమ్మా, పనిగుడ్డల్లో ఉన్నాను. నా కూతురు అత్తోరు సూత్తే ఏటనుకుంతారు?" అంది. దాదమ్మ హారికను "ఏమంటోంది?" అని కూడా అడగలేదు. ముఖం చూసే అర్థం చేసుకుని అక్కడికక్కడే తీసేయించింది. కెమెరా అతను గొణిగాడు. చాలా మంచి ముక్కట. ఆమె దారి పొడవునా "ఒద్దు, ఒద్దు" అని అప్పజెప్పుకుంటూ వచ్చింది, బడిపిల్లలా.

అంత నేర్చుకున్న మాట కావలసిన రోజున నోటికి రాలేదు.

కార్తీక పౌర్ణమి వెళ్లాక ఒక ఉదయం. కెరటాలు దాటుకుని పడవ లోపలికి పోవడం తీయాలి. సముద్రం బాగా లేదు. ఎర్రయ్య మాత్రం "ఇదొక కెరటమేటి!" అని తోటివాళ్లను ఎక్కించాడు. మిగిలినవాళ్లు పడవ అంచులు పట్టుకుని నెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. హారిక నటిని తీసుకురావడానికి కారులో వెళ్లింది. దాదమ్మ ఎప్పటిలా సముద్రానికి వీపు పెట్టి మా వైపు తిరిగింది.

రోజూ ఆ వేళకు పేట ఆడవాళ్లు గలగలలాడుతుంటారు. ఆ రోజు ఒక్కరూ మాట్లాడ్డంలేదు. చిన్నమ్మి నా కుర్చీ పక్కనే నిలబడి పెదవి కొరుక్కుంటోంది. దాదమ్మ ఆ ముఖాలన్నీ వరసగా చూసింది. సముద్రం సంగతి ఆమెకు ఆ ముఖాల్లోనే తెలిసింది. గిరుక్కున వెనక్కి తిరిగి, చేతులు రెండూ ఎత్తి, పడవ వైపు పరుగెత్తుతూ అరిచింది.

"న్యెత్! న్యెత్! న్యెత్!"

వాళ్ల భాషలో అది కాదు, వద్దు అని. భయం వేసినప్పుడు ఎవరికైనా పుట్టు భాషే కదా వస్తుంది.

"నెట్టమంతంది! నెట్టండ్రా!"

"నెట్టు కాదొరే, ఎత్తు అంతంది!"

"ఏదైతే ఏటిరా, ఎత్తి నెట్టండి!"

ఎత్తి నెట్టారు. ఆమె ఎంత గట్టిగా అరిస్తే వాళ్లు అంత గట్టిగా నెట్టారు. పడవ మొదటి కెరటం ఎక్కి దిగింది. రెండోది కూడా దాటింది. మూడోది లేచినప్పుడు పడవ ముక్కు ఆకాశంలోకి నిలబడింది. తర్వాత అక్కడ పడవ లేదు. తెల్లటి నురగ ఉంది, అంతే.

జనం నీళ్ల అంచుకు పరుగెత్తారు. చిన్నమ్మి కదల్లేదు. వంగి, రెండు చేతులూ దుంగకేసి కొట్టుకుంది. ఆకుపచ్చ గాజులు. కెరటాల హోరులో ఆ చప్పుడు నాకే సరిగా వినబడలేదు.

కెమెరా అతను అప్పటికే కెమెరాను సముద్రం మీంచి ఆమె మీదికి తిప్పాడు. అతన్ని చెడ్డవాడు అనలేను. ముఖాలు చూడమని అతనికి నేర్పింది దాదమ్మే. నీళ్ల దగ్గర నుంచే అది చూసి దాదమ్మ వెనక్కి వచ్చింది. అతన్ని ఏమీ అనలేదు. వచ్చి కెమెరా కంటికి తన వీపు ఆనించి నిలబడింది. చిన్నమ్మికి ఎదురుగా, ఆమె ముఖంలోకి చూస్తూ. ఆమె వెనక కెమెరా, దాని వెనక సముద్రం.

ఎంతసేపో నాకు చెప్పడం రాదు. నాకు చెప్పడం రాని సంగతులు తక్కువ. నేను కూడా సముద్రం వైపు చూడలేకపోయాను, చిన్నమ్మినే చూస్తున్నాను. దూరంగా ఎక్కడో చూపు ఆగి, చిన్నమ్మి ముఖం మెల్లగా విప్పారింది. దాదమ్మ తిరిగి చూడలేదు. ఆ ముఖాన్నే చూసి, ముందు గొంతులో, తర్వాత గట్టిగా, "దా... దా... దా!" అంది. చిన్నమ్మి ఒక్క పరుగున ఆమె మీదికొచ్చి పడి, ఆమెను తోసుకుని నీళ్లలోకి పోయింది.

పడవ నీళ్లతో నిండి తేలుతోంది. మనుషులు అంచులు పట్టుకుని వేలాడుతున్నారు. అందరూ ఉన్నారు. దక్షిణంగా, వాగు కలిసేచోట ఒడ్డుకు కొట్టుకొచ్చారు. ఇంజను పాడయింది, ఒకడికి మోకాలు చెక్కుకుపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. ఎర్రయ్య ఉప్పునీళ్లు కక్కుతూనే దాదమ్మను చూసి, "నెట్టమన్నావు గదా అమ్మా, నెట్టీసినాం!" అని నవ్వాడు. ఆ వెంటనే పెళ్లాం చేతుల వైపు చూసి, "గాజులేవే?" అన్నాడు.

"నిన్ను లాగడానికి తాడట్టుకుంతే పగల్వేటి?" అంది చిన్నమ్మి, చేతులు చెంగులో చుట్టుకుంటూ.

అప్పుడే వచ్చిన హారిక ఎవరు ఏమన్నారో, ఎలా పొరబడ్డారో కూడదీసి దాదమ్మకు చెప్పింది. ఆమె ముఖం సున్నంలా అయింది. ఆ సాయంత్రం బెల్లం ముట్టలేదు. గాజులు ఎందుకు కొట్టుకుందని నన్ను అడిగించింది. చెప్పాను. మొగుడు పోతే చేసేది, మొగుడు ఉండగా చేస్తే మహా అపశకునం, ఆమె అత్తకు తెలిస్తే ఆ ఇంట్లో జన్మంతా మాట పడాలి. విని చెప్పింది, వాళ్ల దగ్గర చావు జరిగిన ఇంట్లో అద్దాల మీద గుడ్డ కప్పుతారట.

మర్నాడు అత్త చేపలు అమ్ముకోవడానికి టెక్కలి వెళ్లిన వేళ చూసి చిన్నమ్మి ఇంటికి వెళ్లాం. దాదమ్మ గుమ్మంలోనే కూర్చుంది. హారిక తెలుగులో చెప్పింది.

"నీ ముఖం నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు, నీది. సినిమాలో వెయ్యను అంటున్నారు."

దాదమ్మ తల అడ్డంగా ఊపుతూ "న్యెత్" అంది.

చిన్నమ్మి ఉలిక్కిపడి లేచింది. "ఓలమ్మో! ఆ మాట అనొద్దని సెప్పమ్మా ముందు! ఆ మాటకే గదా నా మొగుడు ఎల్లిపోనాడు!"

హారిక చెప్పింది. దాదమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, "ఒద్దు" అంది. "ఒద్దు. ఒద్దు." చిన్నమ్మి నవ్వింది. దాదమ్మ నవ్వలేదు. ఆ తర్వాత ఇక్కడున్నన్నాళ్లూ ఆమె నోట న్యెత్ అన్న మాట నేను వినలేదు. టీలో పాలు పొయ్యబోయినా ఒద్దు అనే అనేది.

కెమెరా అతను మాత్రం వెళ్లేముందు హారికతో ఒక మాట అన్నాడు. "ఈ సినిమా మొత్తానికీ అదొక్కటే నిజమైన ముక్క. ఆవిడ ఇప్పుడు వద్దంటుంది. బల్ల ముందు కూర్చుని కత్తిరించేటప్పుడు వదులుకోలేదు. ఎవరూ వదులుకోలేరు" అని. హారిక ఆ మాట నాకు చెప్పింది. నేను చిన్నమ్మికి చెప్పలేదు. ఇన్నాళ్లూ నన్ను కుట్టింది ఆ మాటే.

ఆమె వెళ్లిపోయిన రోజు గురించి కూడా కథలు పుట్టాయి. నౌపడలో రైలెక్కిందంటారు, పలాసలో ఎక్కింది. వలవల ఏడ్చిందంటారు, ఏడవలేదు. పేటవాళ్లు ఇచ్చిన జీడిపప్పు పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, రైలు కదలగానే లేచి తలుపు దగ్గరకు వచ్చింది. అక్కడ కూడా మా వైపు వీపు పెట్టి, కిటికీల్లోంచి మమ్మల్ని చూస్తున్న పెట్టెలోని జనం ముఖాలు చూస్తూ నిలబడింది. మేం ఎలా ఉన్నామో వాళ్ల ముఖాల్లో చూసుకుందనుకుంటాను. మాకు కనిపించింది ఆ నీలం చొక్కా, దాని మీద తెల్లటి గీత.

ఆదివారం వచ్చింది. షెల్టరు కిటికీలకు పడవ టార్పాలిన్లు కట్టారు. తెర ఎదుట మొదటి వరసలో చిన్నమ్మి అత్త, కొత్త చీర కట్టుకుని. ఆమె పక్కన ఎర్రయ్య. చిన్నమ్మి వెనక నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది, సగం లేచి పోవడానికన్నట్టు. హారిక రైలు దిగి తిన్నగా వచ్చింది. "చూశావా?" అని అడిగాను. "లేదమ్మమ్మా, మీతోనే చూద్దామని" అంది. ఆమెను అని లాభం లేదు, ఆమెకు గాజుల సంగతి తెలుసు గాని చిన్నమ్మి ఇప్పటి భయం తెలియదు. తెర మీద ఇంగ్లీషులో మాటలు వస్తుంటే ఆమె మైకులో తెలుగు చేసి చెబుతుంది.

సినిమా మొదలైంది. మొదట అంతా గోల. ఎవరి ఇల్లు కనిపిస్తే వాళ్లు కేకలు. "అదిగో మా మేక!" "ఒలే, నువ్వే! ఎంత సన్నంగా ఉన్నావే అప్పుడు!" వలల దగ్గర తాను కనిపించగానే చిన్నమ్మి అత్త వెనక్కి తిరిగి ఊరంతటినీ ఒకసారి చూసుకుంది. ఉప్పు మళ్లు వచ్చాయి. తట్ట మోసిన మనిషి లేదు. అది నేను చూసుకున్నాను.

పడవ వచ్చింది. నెట్టేవాళ్ల వీపులు వచ్చాయి. గోల తగ్గింది. చిన్నమ్మి చెయ్యి నా కుర్చీ కోడు పట్టుకుంది. మొదటి కెరటం, రెండోది. మూడోది లేచింది. పడవ నిలబడింది. లేదు.

తెర నల్లబడిపోయింది.

"కరెంటు పోనాదేటి?" అన్నారెవరో. పోలేదు, సముద్రం హోరు వినబడుతూనే ఉంది. తెర మీద ఏమీ లేదు. ఒట్టి నలుపు. చాలాసేపు ఉంది. హారిక కూడా మాట్లాడలేదు. ఏడుపు లేదు, అరుపు లేదు, గాజు చప్పుడు లేదు. ఊపిరి ఒకటి వినబడింది, దగ్గరగా. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అది ఒట్టి నలుపు కాదు. ముతక నేత. మెల్లగా పైకీ కిందికీ ఆడుతోంది. అందులో ఎడమ పక్క నుంచి వంకరగా ఒక తెల్లటి గీత.

అప్పుడు వినబడింది. ముందు గొంతులో, తర్వాత గట్టిగా.

"దా... దా... దా!"

"అవును, అవును అంటున్నారు" అంది హారిక మైకులో.

"కాదమ్మా!" ఎర్రయ్య లేచి నిలబడ్డాడు. "దా అంతంది! నన్నే, నన్నే పిలుత్తంది!" అతనితోపాటు ఆ రోజు పడవలో ఉన్నవాళ్లంతా లేచారు. తర్వాత షెల్టరు మొత్తం లేచింది.

ఆ నలుపు తొలగకముందే బొమ్మ మారింది. తెర నిండా సముద్రం, నీళ్లతో నిండిన పడవ, అంచులు పట్టుకుని వేలాడుతూ మనుషులు. పేటంతా అరుపులు, ఈలలు. చిన్నమ్మి కోడు వదిలేసింది. చెంగులో ముఖం పెట్టుకుని నవ్వుతోంది. చేతులనిండా గాజులు.

అందరూ కూర్చున్నాక అత్త వెనక్కి తిరిగింది. "ఒలే, ఆ సీకటేటే మద్దెలో?"

"దాదమ్మ యీపు అత్తా."

"యీపేటి? సినిమా కట్టపడి తీసి యీపు సూపెడతాదేటి? మొకం ఎటుంది మరి?"

"ఇటుకాసే" అంది చిన్నమ్మి. "మన కాసే ఉంది అత్తా."